రూపాయి మీది బుల్లి నక్షత్రం

పిల్లలూ! మీ దగ్గర రూపాయి బిళ్ళ ఉంటే తీసి, సంవత్సరం వేసినచోట అంకెల కింద పరికించి చూడండి. అయిదు కోణాల బుల్లి నక్షత్రం కనిపించిందా? అయితే ఆ నాణెం మన హైదరాబాదులో పుట్టినదే. వజ్రం గుర్తు ఉంటే ముంబయిది, చుక్క ఉంటే నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. నాణేలు అచ్చువేసే చోటును టంకశాల అంటారు గదా! బరువులో గాని, లోహంలో గాని తేడా వస్తే ఏ టంకశాల జవాబు చెప్పాలో ఈ గుర్తును బట్టి తెలుస్తుంది.

మీరు బడంగ్‌పేటలో ఉన్నారనుకోండి. దిల్‌సుఖ్‌నగర్ వచ్చి మెట్రో రైలెక్కి లక్డీకాపుల్‌లో దిగితే, సైఫాబాదు అక్కడికి దగ్గరే. పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో ఉండే నిజాం టంకశాల 1903లో ఇక్కడికి వచ్చింది. 1997లో పని చర్లపల్లికి మారింది. సైఫాబాదు పాత కట్టడంలో 2022లో నాణేల ప్రదర్శనశాల తెరిచారు.

నిజాముల రూపాయి మీద చార్మినారు బొమ్మ ఉండేది. అందులో ఒక తమాషా ఉంది. ఆ బొమ్మ ద్వారంలో ఒక చిన్న అక్షరం కనబడుతుంది. అది ‘మీమ్’ అయితే ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ నాటిది. ‘ఐన్’ అయితే ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ నాటిది. ఆ రెండక్షరాలూ గుర్తుపట్టగలిగితే చాలు, నాణెం ఏ నిజాముదో చెప్పవచ్చు!

మీ తాతయ్యను, నాయనమ్మను అడిగితే చిల్లుకానీ సంగతి చెబుతారు. రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు కానీలు. అంటే రూపాయికి 64 కానీలన్నమాట. రెండవ ప్రపంచయుద్ధంలో లోహానికి కరువు వచ్చి, 1943 నుంచి కానీకి నడుమ పెద్ద చిల్లు పెట్టారు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు నయాపైసలు వచ్చినవి.

ఇక తప్పు నాణేల కథ వినండి. లోహపు రేకులోంచి గుండ్రని బిళ్ళలు కత్తిరించి, రెండు అచ్చుల నడుమ ఉంచి గట్టిగా నొక్కుతారు. బిళ్ళ పక్కకు జరిగితే బొమ్మ ఓ మూలకు పోతుంది. ముందటి నాణెం అచ్చుకే అంటుకొని ఉండిపోతే, తరువాతి బిళ్ళకు ఒకవైపు సరిగా పడి, రెండోవైపు అదే బొమ్మ తిరగబడి, లోపలికి గుంటగా పడుతుంది. తనిఖీలో ఇలాంటివి తీసివేస్తారు. ఎక్కడో ఒకటి తప్పించుకొని బజారుకు వస్తుంది. అందుకే దానికోసం సేకరించేవారు ఆశపడతారు.

పాతదైతే చాలు, విలువైనదే అనుకోకండి. కోట్ల కొద్దీ అచ్చయిన నాణెం ఎంత పాతబడినా చవకే. ఇంగ్లండులో 1933 నాటి పెన్నీలు ఏడో ఎనిమిదో మాత్రమే ఉన్నట్టు తెలుసు. కనుకనే వాటికంత ధర. ఎన్ని మిగిలినవి, ఎంత చెక్కుచెదరకుండా ఉన్నవి, ఎందరు కోరుతున్నారు—ఈ మూడూ కలిస్తేనే విలువ.

“మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందుగా రుసుము కట్టండి” అని ఎవరైనా ఫోను చేస్తే నమ్మవద్దని పెద్దలకు చెప్పండి. ఇటువంటి మోసాలకు తన పేరు వాడుకుంటున్నారని రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరించింది. ఇల్లు కట్టేందుకు పునాది తవ్వుతుండగా పాత నాణేల కుండ దొరికిందనుకోండి; దాన్ని దాచుకోరాదు. 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. ఏ నాణెం ఏ లోతున, దేని పక్కన దొరికిందో తెలిస్తేనే ఆ ఊరి పాత చరిత్ర బయటపడుతుంది. నాణేలు చెల్లాచెదరైతే ఆ కథ మళ్ళీ దొరకదు.

నాణేలు సేకరించాలని ఉందా? వాటిని అంచులతో పట్టుకోండి. చింతపండు పెట్టి తోమకండి. మెరుపు వస్తుంది గాని పైపొర పోయి విలువ తగ్గుతుంది. ఒక్కొక్క దాన్ని పొడి కాగితపు సంచిలో వేసి, సంవత్సరం, గుర్తు, ఎవరిచ్చారో రాయండి. ఈ ఆదివారం ఇంట్లోని చిల్లరంతా పోగుచేసి, నక్షత్రాలెన్ని, వజ్రాలెన్ని, చుక్కలెన్నో లెక్కపెట్టండి. మీ స్నేహితుల లెక్కతో పోల్చి చూడండి, ఏ టంకశాల గెలుస్తుందో!