గుర్రమెక్కి విందుకెళ్లాం!

గుర్రం అనగానే మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు ఆడవాళ్లకి గుర్తొచ్చేది పెళ్లి బరాత్. బ్యాండు మోతకి బెదురుతూ పెళ్లికొడుకుని మోసుకెళ్లే తెల్లగుర్రం. అలాంటి గుర్రం మనమే ఎక్కి, కొండల మధ్య గంటసేపు తిరిగి, చివరికి కట్టెల పొయ్యి దగ్గర కూర్చుని భోంచేసి రావడమంటే నమ్ముతారా? నవ్వకండి, తుర్కయంజాల్ నుంచి వెళ్లి నేను చేసొచ్చాను.

మా చెల్లెలు అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో ఉంటుంది. 2021 మే నెలలో మా నాన్నగారు గుండెపోటుతో పోయినప్పుడు అది రాలేకపోయింది. కరోనా రోజులు, పైగా అదే నెల నుంచి ఇక్కడినుంచి అమెరికా వెళ్లేవాళ్ల మీద ఆంక్షలు పెట్టారు. వస్తే మళ్లీ పిల్లల దగ్గరికి ఎప్పుడు వెళ్తుందో తెలీదు. వీడియోలోనే అంతా చూసింది. తర్వాత కూడా వీసా చిక్కులతో కదల్లేకపోయింది. చివరికి మేమే, అమ్మా నేనూ, 2024 జులైలో వెళ్లాం.

అక్కడినుంచి కారులో ఐదు గంటలు వెళ్తే ఎల్లోస్టోన్. 1872లో ఏర్పడింది, ప్రపంచంలో మొట్టమొదటి జాతీయ పార్కు ఇదేనట. పార్కు అంటే మన ఇందిరా పార్కులా అనుకునేరు! వనస్థలిపురంలో మన జింకల పార్కు, అదే హరిణ వనస్థలి, ఉంది చూడండి, అలాంటివి ఆరువందలు పడతాయి అందులో. వేడినీళ్లు ఆకాశానికి చిమ్మే బుగ్గలూ, రంగురంగుల గుంటలూ అన్నీ చూశాం. వాటి సంగతి అందరూ రాసేదే కనుక వదిలేస్తున్నాను.

నేను చెప్పాలనుకున్నది రూజ్‌వెల్ట్ లాడ్జి దగ్గర జరిగే సాయంత్రం విందు గురించి. అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1903లో ఆ చుట్టుపక్కలే గుడారం వేసుకున్నాడని ఆ పేరు. అక్కడినుంచి గుర్రం మీదగానీ, గుర్రాలు లాగే పెద్ద బండిలోగానీ ఒక లోయలోకి తీసుకెళ్తారు. ఎనిమిదేళ్లు నిండని పిల్లల్ని గుర్రం ఎక్కనివ్వరు. మా చెల్లెలి కూతురికి ఏడే. ఎంత ఏడ్చిందో! అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. వాళ్లిద్దరూ చెల్లెలితో కలిసి బండెక్కారు. నేనూ, మరిదిగారూ, మా పెద్దవాడూ గుర్రాల మీద.

చీర కుదరదు. పంజాబీ డ్రెస్సు, బూట్లు వేసుకోండి. చున్నీ ఇంట్లో పెట్టేయండి. ఎడమవైపు నుంచి ఎక్కాలి. జీను ముందు కొమ్ములాంటిది ఉంటుంది, భయమేస్తే పట్టుకోవచ్చు. గుర్రాలు పరిగెత్తవు లెండి, ఒకదాని వెనక ఒకటి చీమల బారులా నడుస్తాయి. ముందూ వెనకా టోపీలు పెట్టుకున్న కాపరులుంటారు. వాళ్లలో ఆడపిల్లలు కూడా ఉన్నారు, పాతికేళ్లుండవు, అంతంత గుర్రాల్ని మేకపిల్లల్లా అదిలిస్తున్నారు! నా గుర్రం దారిపొడుగునా గడ్డికోసం తల వంచేది. కళ్లెం గట్టిగా లాగమన్నారు. ఆకలేసిన దాన్ని లాగబుద్ధి కాలేదు నాకు.

దూరంగా అడవి దున్నలు కనిపించాయి. వాటికి కనీసం రెండు బస్సుల పొడవంత ఎడం ఉండాలి, ఎలుగులకైతే తొంభై మీటర్ల పైనే. అందుకే తినే వస్తువులేవీ బయట వదలకూడదు. పొద్దున మేం తెచ్చుకున్న పులిహోర డబ్బా కారులోనే పెట్టి తాళం వేశాం.

ఇక వంట సంగతి. నూట యాభై ఏళ్ల కింద టెక్సాస్ నుంచి వేల పశువుల్ని నెలల తరబడి తోలుకెళ్లేవారు ఈ కౌబాయ్‌లు. వాళ్లకోసం 1866లో చార్లెస్ గుడ్‌నైట్ అనే ఆయన ఒక మిలటరీ బండికి వెనక అరలు చేయించి వంటబండిగా మార్చాడట. చిక్కుళ్లు, పిండి, ఉప్పు పట్టించిన మాంసం, కాఫీ - అంతే సామాను. దళసరి ఇనప గిన్నెలో వండి, మూతమీద కూడా నిప్పులు పోస్తారు. మన దమ్ బిర్యానీ చేసేవాళ్లకి ఇది కొత్తేం కాదు. కాఫీకి ఫిల్టరు లేదు, పొడి నీళ్లలోనే మరిగించి, కాసిని చన్నీళ్లు చిలకరిస్తే మడ్డి కిందికి దిగుతుంది. మన ఫిల్టరు కాఫీ ముందు దిగదుడుపే అనుకోండి, కానీ ఆ చలిలో రెండు గ్లాసులు తాగాను.

ఒక్కటి గుర్తుంచుకోండి. విందులో ముఖ్యమైనది ఎద్దు మాంసం. చిక్కుళ్లలో కూడా మాంసం కలుస్తుంది, చూడ్డానికి శాకాహారంలా ఉంటుంది, మోసపోకండి. టికెట్టు తీసుకునేటప్పుడే శాకాహారం అని చెప్పాలి. మా మరిదిగారు ముందే చెప్పారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఉడికించిన మొక్కజొన్న కండె, పుచ్చకాయ ముక్కలు, కాఫీ, ఆవిడ భోజనం అదే. కాలే మాంసం వాసన పడక దూరంగా బల్ల మీద కూర్చుంది. చెల్లెలు తన పళ్లెం తీసుకోకుండా వెళ్లి పక్కన కూర్చుంది.

అక్కడ ఒకతను గిటారు వాయిస్తూ పాడుతున్నాడు. పిల్లలు అతని చుట్టూ చేరారు. నేను కాఫీ తీసుకెళ్లేసరికి చెల్లెలు అడుగుతోంది, “నాన్న ఆరోజు ఏం తిన్నాడమ్మా?” అని. మూడేళ్లుగా ఫోనులో అడగలేకపోయిన మాట. అమ్మ మొక్కజొన్న గింజలు ఒలుస్తూనే చెప్పింది. “మామిడిపండు కొయ్యమన్నాడే. రెండు ముక్కలు తిన్నాడు. మిగతాది నీకు దాచమన్నాడు, మర్చిపోయి. నువ్వింకా ఇంట్లోనే ఉన్నావనుకున్నాడు.” ఆ గింజలు తీసి దాని చేతిలో పెట్టింది. నేను గ్లాసులు బల్ల మీద పెట్టి పిల్లల దగ్గరికి వచ్చేశాను.

మీ పిల్లలు అక్కడుండి, మీరు వెళ్లేటట్టయితే జూన్ నుంచి సెప్టెంబరు మొదటి వారాల్లోపే కుదురుతుంది. సీట్లు ముందే అయిపోతాయి. జులై అయినా చలి కోటు తప్పదు, పొద్దు వాలితే గజగజే. బండిలో కుదుపులుంటాయి, పెద్దవాళ్లకి నడుం వెనక ఒక దిండు పెట్టండి. గుర్రమెక్కిన వాళ్లకి మర్నాడు తొడలు పట్టేస్తాయి, మెట్లు దిగడం నా వల్ల కాలేదు.

ఆ చిక్కుళ్ల కూర ఇంటికొచ్చాక మాంసం లేకుండా చేసి చూశాను. ఒక గ్లాసు రాజ్మా రాత్రి నానబెట్టి, కుక్కర్లో మెత్తగా ఉడికించాలి. మందపాటి మూకుడులో ఉల్లిపాయ ముక్కలు ఎర్రగా వేయించి, రెండు టమాటాల గుజ్జు, కారం, అర చెంచా ఆవపొడి, రెండు చెంచాల బెల్లం తురుము, కాస్త చింతపండు పులుసు వేసి, రాజ్మా కలిపి, సన్నసెగ మీద అరగంట మగ్గనివ్వాలి. తియ్యతియ్యగా, పుల్లపుల్లగా ఉంటుంది. మావారు జొన్నరొట్టెతో తిని, ఇంకాస్త కారం పడాలన్నారు.