ఎవరూ నాటని వరి

పిల్లలూ! మొన్న కార్తీకమాసంలో మా మనుమణ్ణి వెంటబెట్టుకుని మా చెల్లెలి ఊరికి వెళ్ళాను. బస్సు దిగి చెరువుగట్టు మీద అరగంట నడవాలి. ఒక పక్క కోతకు వచ్చిన చేలు, రెండో పక్క చెరువు. చెరువు అంచున, మోకాటిలోతు నీటిలో వరిదుబ్బుల వంటివే మొలిచి ఉన్నాయి. వెన్నులకు మాత్రం వేలెడేసి ముళ్ళు!

"తాతగారూ, చెరువులో నాట్లు ఎవరు వేశారు?" అన్నాడు మావాడు.

గట్టున పశువులను కాస్తున్న ముసలి రైతు నవ్వి, "ఎవరూ వెయ్యలేదు బాబూ. అది అడవి వరి. దానంతటదే మొలుస్తుంది, దానంతటదే రాలుతుంది," అన్నాడు.

పుస్తకాలలో దీనిని నివ్వరి అంటారు, సంస్కృతంలో నీవారం. కాళిదాసు శాకుంతలంలో ఆశ్రమం దగ్గర చెట్ల కింద రాలి ఉన్న గింజలు ఇవే.

నేను ఒక వెన్నును మెల్లగా తాకాను. సగం గింజలు నీళ్ళలో రాలిపోయాయి! చేలోని వరివెన్నును పట్టి ఊపాను. ఒక్క గింజా రాలలేదు. ఎందుకీ తేడా?

అడవి మొక్కకు గింజ నేల రాలితేనే వంశం నిలుస్తుంది. మనిషికి రాలని గింజ కావాలి. వేల సంవత్సరాల క్రితం మనుషులు కోసి ఇంటికి తెచ్చుకున్నవి, రాలక వెన్నునే మిగిలిన గింజలు. మరుసటి ఏడు విత్తినవీ అవే. ఇలా తరతరాలు జరిగి, అడవి వరి నుంచే మన వరి వచ్చింది. గింజ రాలడాన్ని శాసించే ముఖ్యమైన జన్యువు ఒకదానిని శాస్త్రజ్ఞులు 2006లో గుర్తించారు. అందులో ఒక్క చిన్న మార్పే ఇంత తేడా తెచ్చిందట!

అయితే ఇప్పుడీ పాత చుట్టంతో మనకేం పని? వినండి. 1970 ప్రాంతాలలో ఆసియా వరిచేలకు ఒక వైరస్ తెగులు పట్టుకుంది. దోమ దానిని మోసుకువచ్చేది. మొక్క గిడసబారి, గడ్డిదుబ్బులా పిలకలు వేసి, వెన్ను తీసేది కాదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వారు 6,000కు పైగా రకాలను పరీక్షించారు. తట్టుకున్నది ఒక్క నివ్వరి! దాని విత్తనం మన ఉత్తరప్రదేశ్‌లో సేకరించినదే. దానితో సంకరం చేసి, ఐ.ఆర్. 36 మొదలైన రకాలను తయారుచేశారు. 1976లో విడుదలైన ఆ వరి కోట్లమంది ఆకలి తీర్చింది.

ఈ సంగతి చెబుతూ ఉంటే నా మనసు చివుక్కుమంది. నేను హెడ్మాస్టరుగా ఉన్న ఒక బడి వెనుక చిన్న కుంట ఉండేది. దాని నిండా ఈ మొక్కలే. కలుపు అనుకుని, మట్టి పోయించి ఆటస్థలం చేయించాను. లోపల పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. కిటికీ వెలుపల ఉన్నదేమిటో చూడలేదు. ఆ కుంటలోని మొక్కలలో ఏ గుణం దాగి ఉండేదో ఇక ఎవరికీ తెలియదు.

"మరి ఈ చెరువు కూడా పూడ్చేస్తారా, తాతగారూ?" అని అడిగాడు మావాడు. నేను జవాబు చెప్పేలోగా రైతు, "మేముండగా పూడ్చనిస్తామా బాబూ!" అన్నాడు.

పిల్లలూ, చేలో మొలిచిన అడవి వరిని రైతు పీకక తప్పదు. కాని మీ ఊరి చెరువు అంచున ముళ్ళ వెన్నులు కనిపిస్తే, వాటిని ఉండనివ్వండి. మీ మాష్టారిని తీసుకువెళ్ళి చూపించండి. నాలాగా ఆయన కూడా చూడకపోయి ఉండవచ్చు!