మార్గములు కలియు చోటు

పట్టణములోని మేడలను, వీథులను మనుష్యులు పూనుకొని నిర్మింతురు. కూడలి మాత్రము అట్లు పుట్టదు. బాటసారి ఒక వాహనము దిగి వేరొకదాని కొఱకు వేచియుండు చోట అది తనంతట తానే వెలయును. వేచియున్నవానికి దాహమగును, మంచినీళ్ళ కుండతో ఒకరు వత్తురు. ఆకలియగును; పూటకూళ్ళ యిల్లు వెలయును. మూట బరువగును, దానిని మోయుటకు కూలివాడు వచ్చును. కొంతకాలమునకు వర్తకుడు అచటనే దుకాణము తెరచును. మార్గమే కూడలికి తల్లి. తల్లి చోటు మార్చినచో బిడ్డయు వెంట కదలును. ఈ సంగతికి ఏలూరు చక్కని నిదర్శనము.

సర్ ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరము వద్ద ఆరంభించిన గోదావరి ఆనకట్ట 1852 నాటికి పూర్తియయ్యెను. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణానదికిని ఆనకట్ట సిద్ధమయ్యెను. గోదావరి నుండి నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా వచ్చు కాలువయు, కృష్ణ నుండి వచ్చు కాలువయు ఏలూరులో కలిసికొనెను. వేర్వేరు త్రోవల సముద్రమును చేరు రెండు మహానదుల నీరు ఈ విధముగా ఒక ఊరి నడుమ ఏకమయ్యెను. ఆ కాలువలు పొలములకు నీరిచ్చుటయేగాక పడవలకు బాటలయ్యెను. పందొమ్మిదవ శతాబ్ది చివరినాటికి, కాకినాడలో పడవ యెక్కినవాడు ఏలూరు, బెజవాడల మీదుగా సాగి, కొమ్మమూరు కాలువను, బకింగ్‌హాము కాలువను పట్టి మద్రాసు వఱకు నీటిమీదనే పోగలిగెను.

ఆ దినములలో ఏలూరునకు కాలువ రేవే కూడలి. గాలి యనుకూలించినపుడు పడవవాండ్రు తెరచాప నెత్తుదురు. అనుకూలింపనపుడు తాడు భుజమున వేసికొని, గట్టువెంట నడచుచు పడవను లాగుదురు. నీటిమట్టము మారు చోటులందు లాకులుండును. పడవను రెండు తలుపుల నడుమ నిలిపి, నీటిని నింపియో వదలియో మట్టము సరిచేసిన పిమ్మట గాని అది ముందునకు సాగదు. ప్రయాణికునకు విసుగు కలిగించు ఆ యాలస్యమే గట్టుమీది చిరువ్యాపారికి బ్రతుకుతెరువు. దక్షిణమున నున్న కొల్లేటి లంకలవారికి తాటిదోనెయే బండి. వానకాలమున సరస్సు పొంగినపుడు దోనె లేక ఊరు కదలుటకు వీలులేదు. నీరే బాటయైన ఆ సీమలో రేవు ఇంటికి ముంగిలి వంటిది.

1893లో బెజవాడ నుండి తూర్పుతీరము వెంట రైలుమార్గము వేయబడెను. అప్పటికి గోదావరిపై వంతెన లేదు. ప్రయాణికులు నావలపై నదిని దాటవలసి యుండెను. 1900లో కొవ్వూరు, రాజమహేంద్రవరముల నడుమ హేవ్‌లాకు వంతెన తెరువబడగా ఆ యడ్డంకియు తొలగెను. పడవకు దినములు పట్టు దూరము రైలునకు గంటలలో ముగిసెను. తొందర గలవారు మొదట రేవును విడిచిరి. వారి వెంట వర్తకులును కదలిరి. కట్టెలు, ఇటుకలు వంటి తొందరలేని బరువులు మాత్రము మఱి కొంతకాలము పడవలనే నమ్ముకొనెను.

రైలు స్టేషను ముంగిట కొత్త సందడి పుట్టెను. జట్కాబండ్లు వరుసతీరెను, వాని వెనుక రిక్షాలు, అటుపిమ్మట ఆటోలు వచ్చెను. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు దానికి ముఖ్యపట్టణము కాగా, కచేరీ పనులకై వచ్చువారి రాక హెచ్చెను. ఊరిలోనే పవర్‌పేట యను రెండవ స్టేషనును కలదు. మఱి రేవున పని దొరకని పడవవాడు ఏమయ్యెను? చరిత్ర వంతెన కట్టిన సంవత్సరమును చెప్పును గాని అతని పేరును చెప్పదు. తాడు లాగిన భుజము మూటలను మోయుట నేర్చుకొనవలసివచ్చెను.

బాట యున్నంతమాత్రమున కూడలి పుట్టదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున తాడేపల్లిగూడెమున విమానములు దిగుటకు విశాలమైన బాట నిర్మింపబడెను. యుద్ధము ముగిసిన పిమ్మట ఎక్కువారును దిగువారును లేక అది బోసిపోయెను. అదే ఊరిలో ఉల్లిపాయల టోకు బజారు లారీలతో, కూలీలతో, బేరగాండ్రతో కిటకిటలాడుచుండును. కూడలికి ప్రాణము జనులే గాని రాతిబాట కాదు.

ఈ న్యాయము మహానగరములకును వర్తించును. 2017 నవంబరు 28వ తేదీన హైదరాబాదులో మెట్రోరైలు ప్రారంభమయ్యెను. అచటి అమీర్‌పేటలో రెండు మెట్రోమార్గములు కలియును. ఎత్తైన స్తంభములపై రైళ్ళు పోవుచుండగా, మెట్లు దిగివచ్చు జనుల కొఱకు క్రింద పూలమ్ము తల్లి చోటు వెదకికొనును; పండ్లబండివాడు నీడ చూచుకొనును. నాడు ఏలూరు రేవున మంచినీళ్ళ కుండతో నిలిచినవానికి వీరు వారసులు.

మార్గము మారుట లోకసహజము. దానిని ఎవరును ఆపజాలరు. విడిచిన మార్గమును చెత్తకుప్పగా నెంచుట మాత్రము తగదు. ఏలూరు కాలువపై ఆనాటి సరకుల పడవల బారులు నేడు కానరావు. అయినను కాలువ పని ముగియలేదు. అది నేటికిని పైరులకు నీరిచ్చుచున్నది. 2008లో కాకినాడ నుండి పుదుచ్చేరి వఱకు గల జలమార్గమును 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించినపుడు, సుమారు 139 కిలోమీటర్ల ఏలూరు కాలువయు అందు చేరెను.

ఈ సీమలో నీటిలో విసిరినది విసిరిన చోటనే నిలువదు. ఏలూరు ప్రక్కన పారు తమ్మిలేరు కొల్లేటిలో కలియును. డెల్టాలోని మురుగుకాలువలు పెక్కు ఆ సరస్సునే చేరును. కొల్లేరు 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపు పొందెను. గుర్తింపు వచ్చినంతనే నీరు తేటపడదు. తొందరలో నున్న పట్టణవాసి వంతెన మీదినుండి పారవైచిన చెత్త, రైలు నెన్నడును ఎక్కని లంకలోని జాలరి వలలో తేలవచ్చును. కూడలిలో నిలిచిన మనుష్యుడు తాను పోవలసిన త్రోవను మాత్రమే చూచుకొనును. అచట కలియు తక్కిన త్రోవలు ఎవరి ముంగిటికి పోవునో కూడ తెలిసికొనుట పౌరధర్మము.