ఆటల్లో వ్యాకరణం

మన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది. మాట్లాడమంటే మాత్రం ఇంగ్లీషులోకి జారుకుంటారు. ఆస్ట్రేలియాలో ఏ తెలుగింటికి వెళ్ళినా వినిపించే మాటే ఇది. ఇంట్లో తెలుగు మాట్లాడతామని 2016 జనాభా లెక్కల్లో చెప్పినవారు సుమారు 34 వేలు. 2021 నాటికి 59 వేలయ్యారు. సంతోషమే. కాని ఇక్కడ పుట్టిన పిల్లల నోట ఆ తెలుగు నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న.

వాళ్ళు మాట్లాడకపోవడానికి కారణం బద్ధకం కాదు, బెరుకు అని మాకు తోస్తుంది. సెలవులకు ఊరు వెళ్ళిన పిల్ల "మూడు అక్కలు వచ్చింది" అంటే ఇంటిల్లిపాదీ ముద్దుగానే నవ్వుతారు. ఆ పిల్ల మటుకు సాయంత్రానికి నోరు కట్టేసుకుంటుంది. అమ్మమ్మకూ మనుమరాలికీ మధ్య మాట తెగిపోయేది అక్కడే.

అలాగని చిన్నయసూరిగారి బాలవ్యాకరణం (1858) ముందేసుకుని కూర్చోబెట్టగలమా? పేరులో బాల ఉన్నా, అది సూత్రాల గ్రంథం. అందుకని శనివారాలు మా ఇంట్లో ఆడించే మూడు ఆటలు ఇక్కడ రాస్తున్నాం.

మొదటిది గవ్వల ఆట. అష్టాచెమ్మాకు వేసినట్టే నాలుగు గవ్వలు వేయాలి. ఒక బొమ్మ చీటీ తీయాలి. మూడు పడి, పిల్లల బొమ్మ వస్తే "ముగ్గురు పిల్లలు వచ్చారు" అనాలి. కంగారూ బొమ్మ వస్తే "మూడు కంగారూలు వచ్చాయి". మనుషులకు ఒక లెక్క, తక్కినవాటికి ఒక లెక్క అని చెప్పకుండానే తెలిసిపోతుంది. గవ్వలు లేవా? చింతపిక్కలు తెద్దామంటే విమానాశ్రయంలో తనిఖీవాళ్ళకు చూపించాలి! నాలుగు బొత్తాలకు ఒకవైపు రంగు పూసుకుంటే సరి.

రెండోది డాక్టరు ఆట. మా వృత్తి అదే కనుక మా పిల్లలకు ఇదంటే మరీ సరదా. ఇంగ్లీషులో ఆకలైనవాడే కర్త. తెలుగులో ఆకలి మనకు వేస్తుంది, నిద్ర మనకు వస్తుంది, జ్వరమూ మనకే వస్తుంది. కాబట్టి రోగి "నాకు" అని మొదలుపెట్టాలి. "నేను జ్వరంగా ఉన్నాను" అన్నవాడికి మందు లేదు, మళ్ళీ వరసలో నిలబడాల్సిందే. మందంటే ద్రాక్షపండే లెండి. "కు" షష్ఠీ విభక్తి అన్న సంగతి పెద్దయ్యాక తెలుసుకుంటారు.

మూడోది మేము-మనం. పిల్లలు రెండు జట్లుగా ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక జట్టు నాయకుడు "మనం బీచికి వెళ్తున్నాం" అంటే అందరూ లేవాలి. "మేము" అంటే అతని జట్టే లేవాలి. "మీరు వెళ్తున్నారు" అంటే ఎదుటి జట్టు మాత్రమే. తప్పు లేచినవాళ్ళు అవుట్.

ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఈ తేడా లేదు. అరవంలో ఉంది. మనకు పొరుగునున్న పపువా న్యూగినీలో టోక్ పిసిన్ భాషలోనూ "యుమి", "మిపెలా" అని రెండున్నాయి. ఈ దేశపు ఆదివాసుల భాషలు చాలావాటిలో కూడా ఉంది. ఇది చిన్న సంగతి కాదు. చీర మార్చుకుని సిద్ధంగా ఉన్న నాయనమ్మతో మనుమడు "మేము గుడికి వెళ్తున్నాం" అంటే, ఆవిడ మారుమాట్లాడకుండా చెప్పులు విడిచేస్తుంది. వాడికేమో ఆవిడ ఎందుకు రాలేదో అర్థం కాదు.

ఆటలో ఉన్న సుఖం ఏమిటంటే, తప్పు దిద్దేది అమ్మా నాన్నా కాదు, ఆటే. అవుటైనవాడు అలగడు, మళ్ళీ ఆడతానంటాడు. పెద్దలు చేయవలసిందల్లా నవ్వకుండా, సరైన మాట తామొకసారి అని ఊరుకోవడం.

మీ ఇళ్ళలో ఇలాంటి ఆటలుంటే రాసి పంపండి. పిల్లల్ని పోగేసి మనం ఆడిద్దాం.