ఊళ్లో ఉండి ఊరి మీద బెంగ

తెలుగువారి నోట ఇప్పుడు రెండు ఇంగ్లీషు మాటలు స్థిరపడిపోయాయి. ఒకటి సెంటిమెంటు, రెండవది నోస్టాల్జియా. మొదటిది రైతుకూలీ మొదలు రాజకీయ నాయకుడి దాకా అందరిదీ. రెండవది చదువుకున్న పిల్లలది, అందులోనూ దేశం విడిచి వెళ్లినవారిది. డల్లాస్‌లో ఉన్న మా మనవరాలు మా పాత పెంకుటింటి ఫొటో చూసినప్పుడల్లా "తాతయ్యా, భలే నోస్టాల్జిక్‌గా ఉంది" అంటుంది. ఆ ఇంట్లో ఆ పిల్ల గడిపినవి రెండు వేసవి సెలవులు మాత్రమే. అయినా ఆ మాటలోని తీపి నిజమైనదే. ముప్ఫై మూడేళ్లు తెలుగు పాఠాలు చెప్పిన అలవాటు కొద్దీ, ఈ భావానికి మనకు మాట లేదా, ఉంటే ఏమైంది అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు.

పరభాషాపదాల మీద నాకు ఏవగింపు లేదు. మా తుళ్లూరులో పొలం కొలిచే ఎకరమూ, సెంటూ ఇంగ్లీషు మాటలే. సెంటు నేల కోసం అన్నదమ్ములు గట్టు మీద తగువులాడుకున్న ఊళ్లో ఆ మాట పరాయిదంటే ఎవరొప్పుకుంటారు? నా ఆలోచన మాట పుట్టుక గురించి కాదు, అది చేసే పని గురించి.

సెంటిమెంటు అనే మాటకు మూలం అనుభూతి చెందడం అనే అర్థం గల లాటిన్ ధాతువు. తెలుగులోకి వచ్చాక అది పలు రూపాలు ధరించింది. 1962 నాటి 'రక్తసంబంధం' వంటి చిత్రాల గురించి సిస్టర్ సెంటిమెంటు అంటారు. అక్కడ దాని అర్థం కంటతడి. ఫలానా నెలలో విడుదలైతేనే తన సినిమా ఆడుతుందని నిర్మాత నమ్మితే, అదీ సెంటిమెంటే. అక్కడ దాని అర్థం శకునం. తెలంగాణ ఉద్యమకాలంలో అదే మాటకు ఒక ప్రాంత ప్రజల ఆకాంక్ష అని అర్థం. కన్నీరు, శకునం, ఆకాంక్ష అన్నీ ఒకే సంచిలో వేశాక, దేనినైనా తేలిక చేయడం సులభమవుతుంది. "సెంటిమెంటు పక్కన పెట్టి మాట్లాడండి" అన్నప్పుడు ఎదుటివాని బాధ లెక్కలోంచి తొలగిపోతుంది.

నోస్టాల్జియా చరిత్ర వేరు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి స్విట్జర్లాండులోని బాసెల్‌లో సమర్పించిన వ్యాసంలో ఈ మాటను సృష్టించాడు. నోస్టోస్ అంటే గ్రీకులో ఇంటికి తిరిగి రావడం, ఆల్గోస్ అంటే నొప్పి. స్వస్థలానికి దూరమైనవారికి నిద్ర పట్టక, తిండి సహించక, చిక్కిశల్యమయ్యే జబ్బుకు అతడు పెట్టిన పేరిది. మందు ఒక్కటే, ఇంటికి పంపడం. కాలక్రమాన జబ్బు పోయి తీపి మిగిలింది. నేడు పాత రేడియో పాటలకూ, చిన్ననాటి చిరుతిళ్లకూ ఆ మాట వాడుతున్నాం.

మన ఆలంకారికులు ఈ భావాన్ని ఎరగనివారు కారు. భరతుడు చెప్పిన 33 వ్యభిచారి భావాలలో స్మృతి ఒకటి, ఔత్సుక్యం ఒకటి. శాకుంతలం అయిదవ అంకంలో హంసపదిక పాట వింటూ దుష్యంతుడు కారణం తెలియక కలత చెందుతాడు. దేనిని తలచుకుంటున్నాడో అతనికే తెలియదు. శాపవశాన జ్ఞాపకం పోయింది, దాని నొప్పి మాత్రం మిగిలింది. మెడ ఎత్తి దూరానికి చూసే ఆర్తిని ఉత్కంఠ అన్నారు. ఆ మాటలు నేటికీ వాడుకలో ఉన్నాయి, అర్థాలే జారిపోయాయి. ఉత్కంఠ ఇప్పుడు క్రికెట్ చివరి ఓవర్లో కలుగుతుంది. ఉత్సుకత కుతూహలమైంది. మనం పోగొట్టుకున్న మాటలు నిఘంటువులో లేనివి కావు, రోజూ వార్తల్లో కనిపించేవే.

తెలుగులో ఈ భావానికి అచ్చమైన మాట బెంగ. ఇది ఊరకే కలగదు, మనిషి దానిని 'పెట్టుకుంటాడు'. 'మీద' అన్న మాట దానికి తోడు రావాలి. అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ. పిల్లవాడు బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకున్నాడంటే మన ఇళ్లలో ఎవరూ నవ్వరు. హోఫర్ వ్యాసం రాసి వైద్యులకు చెప్పిన సంగతి మన అమ్మమ్మలకు ముందే తెలుసు. తలపోత అనే మరో చక్కని మాట ఉంది. తెలంగాణలో యాది అంటారు. సామల సదాశివ గారు తమ జ్ఞాపకాల గ్రంథానికి ఆ పేరే పెట్టారు. ఇక మమకారం. 'మమ' అంటే నాది. హోమంలో ఆహుతి వేసి 'న మమ' అంటాం, నాది కాదని. వదులుకునేటప్పుడు నోటితో పలికి మరీ తెంచుకోవలసినంత గట్టి బంధమన్నమాట.

ఇదంతా పండితుని కాలక్షేపం కాకుండా చేసినది మా ఊరు. 2015 జనవరి నుంచి రాజధాని అమరావతి కోసం భూసమీకరణ మొదలైంది. ఈ ప్రాంతపు రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, 30 వేల రూపాయలతో మొదలై పదేళ్లపాటు ఏటా పెరిగే కౌలు అని నిర్ణయించారు. లెక్క లెక్కే. ఇష్టపడి ఇచ్చినవారు చాలామంది, సంకోచిస్తూ ఇచ్చినవారూ ఉన్నారు. ఆ రోజుల్లో ఒక సభలో వక్త ఒకరు "భూమి సెంటిమెంటు మాకు తెలుసు, కానీ ప్రాక్టికల్‌గా ఆలోచించండి" అన్నారు. అదే ఏడు అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగితే, రాష్ట్రంలోని వేలాది గ్రామాల నుంచి మట్టీ నీరూ తెచ్చి అక్కడ ఉంచారు. మట్టితో మనిషికున్న బంధం తేలికైనది కాదని అందరికీ తెలుసునన్నమాట.

తరువాత గట్లు పోయాయి, డొంకలు పోయాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చింది. పనులు నిలిచిన చేలలో కంపచెట్లు పెరిగాయి. 2024లో వాటిని యంత్రాలతో తొలగించారు. ఆ రోజుల్లో ఎనభై ఏళ్ల రైతు ఒకాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, "మాస్టారూ, మా చెక్క ఇక్కడేనా, ఇంకా అవతలా?" అని అడిగాడు. పత్తి, మిరప వేసి అరవై ఏళ్లు తిరిగిన నేల. ఆయనకు ప్లాటు వచ్చింది, కౌలు వచ్చింది. స్థలం విలువ కూడా ఆయనకు బాగా తెలుసు. అయినా నిలబడిన చోటు గుర్తుపట్టలేకపోయాడు.

దీనిని నోస్టాల్జియా అనడానికి లేదు. ఆయన ఊరు విడిచి ఎక్కడికీ వెళ్లలేదు; ఇంటికి పంపితే నయమవుతుందనడానికి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ అనే ఆస్ట్రేలియా తత్త్వవేత్త, హంటర్ లోయలో బొగ్గు గనులు తవ్వి చుట్టూ నేల మారిపోగా, ఇల్లు కదలకుండానే ఇల్లు పోగొట్టుకున్నవారిని చూసి సోలాస్టాల్జియా అనే కొత్త మాట కల్పించాడు. ఇంగ్లీషుకు ఈ శతాబ్దంలో ఆ మాట అవసరమైంది. మనకు బెంగ చాలు. అది దూరాన్ని అడగదు. ఎదురుగా ఉన్న అమ్మ మారిపోయినా బెంగ పెట్టుకోవచ్చు, ఊళ్లో ఉండి ఊరి మీద బెంగ పెట్టుకోవచ్చు.

రాజధాని కావాలని కోరేవారిలో ఈ బెంగ ఉన్నవారూ ఉన్నారు. ఒకటి ఉంటే రెండవది ఉండకూడదని నియమం లేదు. "సెంటిమెంటు" అంటే పక్కన పెట్టమంటారు. "బెంగ పెట్టుకున్నాడు" అంటే పక్కన కూర్చుంటారు. మాట మారితే మనిషి పట్ల నడత మారుతుందని నేను నమ్ముతున్నాను.

కొంతకాలంగా పెద్దల దగ్గర కూర్చుని మా చేల పేర్లు నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. చింతచెట్టు చేను, దిగుడుబావి చెక్క, చాకలివారి మళ్లు, డొంకవార చేను. ప్లాట్లకు నంబర్లుంటాయి, పేర్లుండవు. ఇప్పటికి నూట నలభై దాటాయి. ఈ పేర్లు తెలిసినవారంతా డెబ్బై దాటినవారే. మీ ఊళ్లోనూ అలాంటి పెద్దలుంటే ఈ వేసవిలోనే అడిగి రాసిపెట్టండి.