నాన్నగారి జీపు

మా నాన్నగారి పాత జీపుకి స్టీరింగు జానెడు తిప్పితేగాని ముందు చక్రాలు కదిలేవి కావు. క్లాసులో ఛందస్సు చెప్పుకునే నాకు ఆ యతిభంగం మారేడుమిల్లి ఘాట్లో, లోయ పక్కన బోధపడింది.

పవర్ స్టీరింగు పెట్టమన్నాను. మేస్త్రీ కిందికి దూరి చూసి, "కీళ్ళరిగిన ముసలాడికి బలమిస్తే ఏం లాభం మాస్టారూ? ముందు టై రాడ్ ఎండ్లు మార్చాలి" అన్నాడు. అవి మార్చాకే ఇంజను బెల్టుతో తిరిగే ఆయిలు పంపు, కొత్త బాక్సు బిగించాడు. బాక్సు కూర్చునే చోట చాసిస్‌కి మందపాటి రేకు వెల్డింగు చేశాడు. లేకపోతే ఆ బలానికి చాసిస్సే చీలుతుందట!

నాన్నగారికి కుడి భుజం లేవదు. రెండేళ్ళుగా తాళం నేనే దాస్తున్నాను. ఆ పాపం మాత్రం మేస్త్రీకి చెప్పలేదు.

దొడ్లో ఎక్కించాను. ఒక్క వేలితో తిప్పిచూసి, "ఇది నా జీపు కాదురా" అన్నారు.

దిగమంటే మాత్రం దిగలేదు.