గులాబీ కాల్షీటు

హీరోయిన్ కాల్షీటు దొరక్క పాట ఆగిపోవడం మనకు తెలిసిందే. పువ్వు కాల్షీటు దొరక్క బొమ్మ ఆగిపోవడం విన్నారా?

యాన్ వాన్ హైసుమ్ (1682-1749) ఆమ్‌స్టర్‌డామ్ చిత్రకారుడు. పూల బొమ్మలకి పెట్టింది పేరు. పసుపు గులాబీ దొరకలేదు, లేకపోతే మీ బొమ్మ కిందటేడే అయిపోయేదని 1742లో ఉత్తరం రాశాడు మహానుభావుడు! ఊహించి వేస్తే ఎవరు పట్టుకుంటారు చెప్పండి? ఊహూఁ, వెయ్యడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆయన బొమ్మ మీద రెండు సంవత్సరాలున్నాయి: 1736, 1737. దాని అచ్చు ఒకటి మా గోడకుంది. వేర్వేరు రుతువుల పూలు ఒకే కుండీలో నవ్వుతుంటాయి. ఆ గుత్తి ఏ రోజూ ఏ బల్లమీదా లేదు. పల్లవి ఎండలో, చరణం మంచులో తీసి మన ఎడిటర్లు అతికించరూ, అలాగన్నమాట!

కాలం ఆగదని చెప్పడానికి కొందరు డచ్చి చిత్రకారులు పూల పక్కన పుర్రె, గడియారం పెట్టేవారు. నాకది క్లైమాక్సులో ఉపన్యాసంలా ఉంటుంది. రాలిన రేకు ఒక్కటి చాలదూ?

అమ్మ పోయి నాలుగేళ్లు. పెళ్లిలో వెనకాల అద్దం పెట్టి, పూలజడ కనబడేలా తీసిన ఫొటో ఉంది. మల్లెలు ఇప్పుడే గుచ్చినట్టుంటాయి. భూతద్దంతో వెదికాను. కింద ఒక్క రేకూ రాలి లేదు.